మీ గొంతు సంగతి మీరే చెప్పండి: గాయని మీనాకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మీనా గారికి,



మీ పేరు నేను మొదటిసారి విన్నది ఒక ఇస్త్రీ బల్ల దగ్గర. చదువు కోసం మిలాన్ వచ్చిన కొత్తలో ఒక పెద్దావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. ఆదివారం పొద్దున ఆవిడ వారం రోజుల బట్టలూ ముందేసుకుని, రేడియో పెట్టుకుని ఇస్త్రీ చేసేది. పాట తరవాత పాట వస్తూనే ఉండేది, ఆవిడ చెయ్యి ఆడుతూనే ఉండేది. ఒక ఆదివారం ఆ చెయ్యి ఆగింది. పెట్టెను నిలువుగా పెట్టి, రెండు చేతులూ బల్ల మీద ఆనించి, తల ఓ పక్కకు వంచి నిలబడింది. మూడు నిమిషాలు కూడా లేని పాట. అయిపోయాక మళ్లీ పెట్టె అందుకుంటూ ఒక్క మాట అంది: "మీనా."

మా తెలుగువాళ్లకు ఆ పేరు చెబితే ఒక నటి గుర్తొస్తారు. మీనమంటే మాకు చేప. ఇంత దూరంలో ఈ పేరేమిటా అనుకున్నాను. ఆ గొంతు మాత్రం ఆ పూటంతా నన్ను వదల్లేదు.

ఆ పాట 'సె తెలెఫొనాందొ'. 1966 నాటిది. బాణీ ఎన్నియో మొర్రికోనెది. కౌబాయ్ సినిమాల్లో ఆ ఈల కట్టిన మొర్రికోనే. మార్సెయ్‌లో పోలీసు బండి సైరన్ చెవిన పడితే, అందులోంచి మూడే మూడు స్వరాలు పట్టుకుని ఈ పాట అల్లానని ఆయన చెప్పుకున్నారు. ఆ మూడూ తిరిగి తిరిగి వస్తుంటాయి. వాటి కింద శ్రుతి మారుతూ పోతుంది, వాద్యబృందం అలల్లా లేస్తూ ఉంటుంది. మీరు మొదట్లో పక్కనున్న మనిషికి చెప్పుకుంటున్నంత నెమ్మదిగా మొదలుపెడతారు. ప్రేమ పుట్టిన మర్నాడే అది తీరిపోయిందని గ్రహించిన ఒక ఆడమనిషి, ఆ ముక్క ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం చాలక టెలిఫోను వైపు చూడడం, అంతే విషయం. వాద్యాలన్నీ ఒక్కుమ్మడిగా మీద పడే చోట మామూలు గొంతయితే మునిగిపోతుంది. మీది వాటి పైకెక్కి కూర్చుంటుంది. అప్పుడైనా మాటలో ఒక్క అక్షరం చెదరదు. మొర్రికోనె పియానో మీద వాయించి వినిపిస్తే, మీరు సాహిత్యం కాగితం అడిగి తీసుకుని, ఎన్నాళ్లుగానో తెలిసిన పాటలా పాడేశారట. ఈ కథ ఇటలీలో పాటంటే ప్రాణమిచ్చేవాళ్లందరి నోటా ఉంది.

ఆ తరవాత కొన్నాళ్లకు మీ ఊరు చూడ్డానికి వెళ్లాను. మీరు 1940 మార్చి 25న పుట్టింది బుస్తో అర్సీజియోలో అయినా, పెరిగింది క్రెమోనాలో. 'క్రెమోనా ఆడపులి' అనే బిరుదు కూడా ఆ ఊరి పేరు మీదే వచ్చింది. పో నది మైదానంలో మొక్కజొన్న చేల మధ్యగా రైలు పోతుంది. దిగాక ఆ సందుల్లో నడుస్తుంటే ఎక్కడ చూసినా వయొలిన్లు చేసే దుకాణాలే. అమాటీ, స్ట్రాడివారీ, గ్వార్నేరీ కుటుంబాలు పని చేసిన ఊరు కదా. ఒక దుకాణంలో ఓ యువకుడు వయొలిన్ పైపలకను రెండు వేళ్లతో గాల్లో పట్టుకుని, వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. నచ్చలేదు. మళ్లీ బల్ల మీద పెట్టి, బొటనవేలంత రంధాతో చెక్కి, మళ్లీ తట్టాడు. నేను చూస్తున్నంతసేపట్లో పది పన్నెండుసార్లు అదే పని. చెక్కతో చేసినదానికి గొంతు తేవడమే వృత్తిగా బతికే ఊళ్లో మీరు పెరిగారని నాకు అప్పుడు తట్టింది. ఆ ఊరి దగ్గరికి మళ్లీ వస్తాను. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అక్కడే ఉంది.

1958 ఆగస్టులో, వెర్సీలియా తీరంలోని లా బుస్సోలా అనే క్లబ్బులో, వేరేవాళ్ల కచేరీ అయిపోయాక సరదాకి వేదికెక్కి పాడిన పద్దెనిమిదేళ్ల అమ్మాయి మీరు. ఏడాది తిరిగేసరికి 'నెస్సూనో', 'తింతరెల్లా ది లూనా' పాటలతో ఇటలీ అంతా తెలిసిపోయారు. అప్పటిదాకా ఆ దేశంలో ఆడవాళ్ల పాటంటే మర్యాదగా, తీగ సాగినట్టు, కళ్లొత్తుకుంటూ పాడడం. మీరు చేతులు ఊపుతూ, మాటల్ని విరుస్తూ, నవ్వుతూ పాడారు. పెద్దలు మీ తరానికి 'ఉర్లతోరి' అని పేరు పెట్టారు, అంటే అరుపుగాళ్లని. 1960లో అదే అమ్మాయి జీనో పావొలీ రాసిన 'ఇల్ చేలో ఇన్ ఉనా స్తాంజా' పాడింది. ఒక గదిలోకి ఆకాశం దిగి రావడం గురించిన పాట. తిరిగి తిరిగి వచ్చే పల్లవి లేదు. మొదలైన చోటి నుంచి ఒకే ఊపిరిలా పైకి పోతుంది. అప్పటికి పావొలీకి రచయితల సంఘంలో సభ్యత్వం లేకపోవడంతో పాట మీద మొగోల్ అనే ఇంకో రచయిత పేరు పడింది. అరుపుగత్తె అన్న నోళ్లు ఆ పాటతో మూతపడ్డాయి. ముప్పై ఏళ్ల తరవాత మార్టిన్ స్కోర్సీస్ 'గుడ్‌ఫెల్లాస్' సినిమాలో దాన్ని మీ గొంతుతోనే వాడుకున్నారు.

1961లో సన్రేమో పాటల పోటీకి వెళ్లారు. ఫలితం మనసు విరిచింది. ఇక ఆ పోటీకి రానన్నారు, వెళ్లలేదు. ఇప్పటికీ శీతాకాలం రాగానే, ఈసారి మీనా సన్రేమోకు వస్తుందట అనే వదంతి పుడుతుంది, ఫిబ్రవరిలో పోటీ ముగియగానే చస్తుంది. ఒకసారి వద్దనుకున్నాక మీరు వెనక్కి తిరిగి చూసే మనిషి కారని అరవై ఏళ్లు దాటినా వాళ్లకు అర్థం కాలేదు.

1963 గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నాకు గది అద్దెకిచ్చిన పెద్దావిడ ఆ సంవత్సరం గురించి చెప్పేటప్పుడు ఎప్పుడూ గొంతు తగ్గించేది. మీరు నటుడు కొర్రాదో పానీని ప్రేమించారు. ఆయనకు పెళ్లయింది, భార్యతో విడిగా ఉంటున్నారు. కానీ ఇటలీలో విడాకుల చట్టం వచ్చింది 1970లో. అప్పటిదాకా విడిపోయినా పెళ్లి పెళ్లే. పెళ్లయిన ఆడది పరాయి మగవాడితో ఉంటే చట్టం దృష్టిలో అది నేరం, మగవాడికి అదే లెక్క లేదు. ఆ సెక్షన్‌ను అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది 1968లో. అలాంటి దేశంలో మీరు బిడ్డను కంటున్నానని దాచకుండా చెప్పారు. ఏప్రిల్‌లో మస్సిమిలియానో పుట్టాడు. ప్రభుత్వ టీవీ రాయ్ మిమ్మల్ని తెర మీదికి రానివ్వలేదు. ఉన్నది ఆ ఒక్క టీవీయే కనుక, అది మూసిన తలుపు అంటే దేశమంతా మూసిన తలుపు కింద లెక్క. పెళ్లి కాకుండా తల్లయిన పిల్లను అక్కడ 'రగాజ్జా మాద్రే' అనేవాళ్లు, ఇరుగుపొరుగు వినకుండా చెవిలో చెప్పుకునే మాట అది. "మా పక్క వీధిలో అలాంటి అమ్మాయి ఒకతె ఉండేది. మీనా మళ్లీ టీవీలో కనిపించిన రోజు ఆ అమ్మాయి పిల్లవాణ్ణి చంకనేసుకుని బజారుకొచ్చింది" అని ఆ పెద్దావిడ చెప్పింది. జనం మిమ్మల్ని వదల్లేదు. మీ రికార్డులు కొంటూనే ఉన్నారు. 1964 జనవరిలో రాయ్ దిగివచ్చి మిమ్మల్ని మళ్లీ పిలిచింది. మీరు క్షమాపణ చెప్పలేదు. తెర మీదికొచ్చి పాడారు. చట్టాలు మారడానికి ఇంకా ఏళ్లు పట్టింది. ఇళ్లలో మాటతీరు మారడం మాత్రం ఆ జనవరి రాత్రి మొదలైందని నేను నమ్ముతాను.

ఆ తరవాతి పదేళ్లూ శనివారం రాత్రులు మీవే. అంతొనెల్లో ఫల్క్వీ దర్శకత్వంలో 'స్తూదియో ఊనో', ఆపైన 'కంజొనిస్సిమా', 'తెయాత్రో 10'. నలుపు తెలుపు తెర మీద గీసేసిన కనుబొమలు, కాటుకతో పెద్దవైన కళ్లు, పొట్టి గౌన్లు, పొడుగాటి చేతులు. అమ్మాయిలు మీలా జుట్టు రంగేయించుకున్నారు. బరిల్లా పాస్తా ప్రకటనల్లో కూడా మీ పాట వినడానికి జనం కూర్చునేవారు. వీటన్నిటిలో నేను మళ్లీ మళ్లీ చూసేది 1972 ఏప్రిల్ 23 నాటి ముక్క: మీరు, లూచో బత్తిస్తీ కలిసి పాడినది. పది నిమిషాలు కూడా ఉండదు. ఆయన పాటల్నే ఒకదాని వెంట ఒకటి అందుకుంటూ పోతారు. ఆయన గొంతు గరుకు, మీది సానబెట్టిన కత్తి. ఒకరు పాడుతుంటే రెండోవారు వింటున్న తీరు చూడాలి. సంగీతం నేర్చుకునే పిల్లలకు ఆ ముక్క చూపించాలి. అదే ఏడు 'పరోలే పరోలే' వచ్చింది, మగవాడు తియ్యటి మాటలు చెబుతుంటే ఆడది వాటిని మాటలుగా కొట్టిపారేసే పాట. మరుసటి ఏడు పారిస్‌లో దలీదా, అలెన్ దెలోన్ ఫ్రెంచిలో పాడారు. 'గ్రాండే గ్రాండే గ్రాండే' షిర్లీ బాసీ నోట ఇంగ్లీషైంది. 1974లో రఫాయెల్లా కర్రాతో 'మిల్లెలూచి' చేశారు. ఇద్దరు ఆడవాళ్లు ఒక టీవీ కార్యక్రమాన్ని సమానంగా మోశారు.

1978 ఆగస్టు 23. బుస్సోలదొమానీ అనే పెద్ద డేరా కింద, మీరు మొదట వేదికెక్కిన తీరానికి దగ్గర్లోనే, మీ చివరి కచేరీ. ముప్పై ఎనిమిదేళ్ల వయసు. గొంతు మంచి పదును మీదుంది. ఆ రాత్రి తరవాత మీరు ఏ వేదిక మీదా నిలబడలేదు.

ఇటలీవాళ్లు ఆ మాయమవడాన్ని నేటికీ ఒక వింతలా చెప్పుకుంటారు. స్విట్జర్లాండ్‌లో, లుగానోలోని మీ ఇంటి దగ్గర ఫొటోల కోసం కాపు కాసినవాళ్లున్నారు. పత్రికలు ఎన్నో కారణాలు ఊహించాయి. నాకు మాత్రం అందులో వింత కనిపించలేదు మీనా గారూ. ఎందుకో చెబుతాను.

మేం అలాగే పెరిగాం. మా ఇళ్లలో పాటంటే రేడియో. వివిధ భారతిలో జనరంజని మొదలయ్యాక, అనౌన్సరు సినిమా పేరు, రాసినవారి పేరు, పాడినవారి పేరు చదివేవారు. లీల, జిక్కి, సుశీల, జానకి. ఆ పేర్లు మాకు మేనత్తల పేర్లంత దగ్గర. కానీ వాళ్ల ముఖాలు మాలో చాలామందికి ఏళ్ల తరబడి తెలియవు. తెర మీద పెదవులు కదిపేది ఎవరో, పాట ఎవరిదో మాకు తెలుసు, దానికి కలత పడ్డదీ లేదు. వాళ్లకు మేం పెట్టుకున్న పేరు నేపథ్య గాయని. వెనక ఉండి పాడే మనిషి. ముఖం చూడకుండా ఒక గొంతును జీవితమంతా ప్రేమించవచ్చునని మా అమ్మమ్మలకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మీరు 1978లో చేసింది ఒక దేశం మొత్తానికి నేపథ్య గాయని కావడం. వెనక్కి వెళ్లారు, పాట ఆపలేదు.

ఆపకపోవడమే అసలు సంగతి. 1979 నుంచి దాదాపు ఏటా ఒక ఆల్బం, అందులో చాలా వాటికి రెండేసి డిస్కులు, ఒకదానిలో పాత పాటలు మీ తీరులో, రెండోదానిలో కొత్తవి. ఊరూ పేరూ లేని రచయితలు పంపిన క్యాసెట్లు విని పాటలు ఏరుకునేవారు. మీ నాన్నగారితో కలిసి 1967లోనే సొంత రికార్డు కంపెనీ పెట్టుకున్నారు కనుక, ఫలానా పాట పాడు, ఫలానాది వద్దు అనే అధికారం ఇంకొకరికి లేకపోయింది. ఏ బిడ్డ పుట్టినందుకు టీవీ తలుపు మూసిందో ఆ మస్సిమిలియానోనే మీ ఆల్బంల నిర్మాణం చూస్తున్నాడు. మా గాయనులకు తెర మీద హీరోయిన్ ముఖం అరువు దొరికేది. మీరు మీ ముఖాన్నే ఆటబొమ్మను చేశారు. 'సలొమే' అట్ట మీద గడ్డంతో ఉన్నారు, 'అత్తిలా' మీద గుండుతో, 'రానె సుప్రేమె' మీద కండలు తిరిగిన వస్తాదు ఒంటితో. అందమే ఆడగాయని పెట్టుబడి అనుకునే వ్యాపారంలో, ముఖం పోయినా పాట అమ్ముడుపోతుందని పందెం కాసి గెలిచారు. 1998లో గాయకుడు చెలెంతానోతో కలిసి చేసిన ఆల్బం పది లక్షలకు పైగా పోయింది. 1990లో మీరు పాడిన 'ఉన్ఎస్తాతే ఫా' 2023లో రీమిక్సై, మీరు తప్పుకున్న ఏడాదికి పుట్టనైనా పుట్టనివాళ్ల పిల్లల ఫోన్లలో మోగింది.

ఇప్పుడు క్రెమోనా సంగతి.

2019 జనవరిలో ఆ ఊరిని ఐదు వారాలపాటు నిశ్శబ్దంగా ఉండమని మేయరు కోరారు. వయొలిన్ మ్యూజియంలో మూడు నాలుగు వందల ఏళ్లనాటి నాలుగు వాద్యాల గొంతును కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారు. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెలో. ఒక్కొక్క స్వరాన్నీ, ఒక స్వరం నుంచి ఇంకోదానికి పోయే ప్రతి దారినీ, కమాను లాగే ప్రతి పద్ధతినీ విడివిడిగా వాయించి 32 మైకులతో పట్టారు. రాళ్ల వీధి మీద కారు పోతే ఆ అదురు మైకుల్లో పడుతుందని మ్యూజియం చుట్టూ దారులు మూసేశారు. హాల్లో బల్బులు సన్నగా మోగుతున్నాయని వాటిని ఊడదీశారు. వీధిలో గ్లాసు కింద పడినా ఆ రికార్డింగు పాడయ్యేది. ఆ వాద్యాలు ఏదో ఒక రోజు అరిగిపోతాయి, అప్పుడు కూడా వాటి గొంతుతో కొత్త సంగీతం చేసుకోవాలన్నది వాళ్ల ఉద్దేశం. మంచి ఉద్దేశమే. నేనూ మెచ్చుకున్నాను.

కానీ వయొలిన్‌ను అడగలేం. మనిషిని అడగవచ్చు.

మా బాలసుబ్రహ్మణ్యం గారు 2020లో పోయారు. మూడేళ్లకు ఒక తెలుగు సినిమాలో ఆయన గొంతును ఏఐతో పుట్టించి వాడారని, తమను అడగలేదని, ఆయన కుమారుడు చరణ్ లీగల్ నోటీసు పంపారు. ఆ రోజుల్లోనే ఏఆర్ రెహమాన్ ఒక తమిళ పాటకు, చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులను అదే పద్ధతిలో వాడి, కుటుంబాల అనుమతి తీసుకున్నామని, తగిన పారితోషికం ఇచ్చామని చెప్పారు. రెండోది మర్యాద, ఒప్పుకుంటాను. అయినా నా మనసులో ఒక ముల్లు మిగిలిపోయింది. ఆ గొంతులు ఎవరివో వాళ్లను మాత్రం ఎవరూ అడగలేదు. అడిగే అవకాశం దాటిపోయింది. బాలు గారు ఆ పాట చూసి ఉంటే ఏ మాటను ఎక్కడ నొక్కేవారు, ఈ చరణం మార్చమని రచయితకు ఫోను చేసేవారా, అసలు పాడనని లేచి వచ్చేసేవారా? యంత్రానికి గొంతు దొరికింది. పాడనని చెప్పే మనిషి అందులో లేరు.

మీ సంగతి ఇంకా కష్టం. నలభై ఏళ్లకు పైగా లోకానికి మీరు ఇచ్చింది గొంతొక్కటే. కచేరీ లేదు, ముఖం లేదు. శుభ్రంగా, స్టూడియోలో, ఏ హోరూ లేకుండా పట్టిన వందల గంటల గొంతు. యంత్రానికి ఇంతకంటే కావలసిందేమీ లేదు. రేపు ఎవరో ఒక కొత్త మీనా ఆల్బం చేసి వదిలితే, మీరు ఎప్పుడూ కనబడరు కనుక, అది మీరే పాడారేమో అని జనం నమ్మినా నమ్ముతారు. ముఖం చూడకుండా గొంతును ప్రేమించడం తెలిసిన నాలాంటివాళ్లే అందరికంటే ముందు మోసపోతాం.

అందుకే అడుగుతున్నాను. మిమ్మల్ని మళ్లీ వేదికెక్కమని నేను అడగడం లేదు. సన్రేమోకు రానక్కర్లేదు, ఫొటో ఒక్కటీ అక్కర్లేదు. 2001లో స్టూడియో తలుపు తెరిచి మీరు పాడుతుండగా కెమెరాలను రానిచ్చారు, ఆ వీడియో మాకు చాలు. కానీ ఎనభై దాటిన ఈ వయసులో, ఇంకా పాడుతున్న గొంతుతో, ఒక్క విషయం మీరే తేల్చి చెప్పండి. మీ తరవాత మీ గొంతుతో మీరు పాడని పాట పుట్టవచ్చా, కూడదా? పుట్టవచ్చంటే ఎవరి చేతుల్లో, ఏ షరతుల మీద? కూడదంటే ఆ మాట మీ నోటితో రావాలి, రేపు కుటుంబం మీదా లాయర్ల మీదా ఆ బరువు పడకూడదు. సన్రేమో విషయంలో, కచేరీల విషయంలో మీ నిర్ణయం మీరే తీసుకున్నారు. 1963లో మీ బిడ్డ విషయంలోనూ అంతే. దీన్ని ఒక్కదాన్నీ ఇంకొకరికి వదలకండి.

లా స్టాంపా పత్రికలో ఏళ్ల తరబడి కాలమ్ రాసిన చెయ్యి మీది. రెండు వాక్యాలు చాలు. వాటిని మీరు రాస్తే మా సుశీల గారూ, జానకి గారూ, ఇప్పుడు పాడుతున్న పిల్లలూ తమ మాట తాము చెప్పడానికి ఒక దారి ఏర్పడుతుంది.

ఇట్లు,
మీ తెలుగు శ్రోత